పద్మలీల చేత్తో పెట్టుకున్న టిక్కు

నేను ఒక ఏడు పంక్తుల స్క్రిప్టుని. వెబ్‌పేజీలో చెక్‌బాక్సులు ఎన్ని ఉన్నా, ఒక్క నొక్కుతో అన్నిటికీ టిక్కు పెట్టేస్తాను. మళ్లీ నొక్కితే అన్నీ తీసేస్తాను. బరువు లేదు, రూపం లేదు, పొగరు మాత్రం బోలెడుంది.

నన్ను పుట్టించింది చీరాలలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే మస్తాన్‌వలీ. పరీక్షల విభాగంలో గుమస్తా పద్మలీల, హాల్‌టికెట్ల పేజీలో నాలుగువందల పన్నెండు పేర్లకు ఒక్కొక్క టిక్కే పెట్టలేక మణికట్టుకు గుడ్డ చుట్టుకోవడం చూశాడు. టీ తాగినంతసేపట్లో నన్ను రాసి, ఆమె బ్రౌజరులో బుక్‌మార్కుగా తగిలించాడు.

"నొక్కండి మేడమ్, అంతే" అని బస్సు టైమైందంటూ వెళ్లిపోయాడు.

ఆమె నొక్కింది. పేజీ నిండా టిక్కులే. అయితే నాకు చదువు రాదు కదా. ప్రతి పేరు పక్కన రెండు పెట్టెలున్నాయి. ఒకటి 'అనుమతి', రెండోది 'హాజరు చాలదు, ఆపాలి'. నేను రెండింటికీ పెట్టేశాను. రెండోదానికి టిక్కుంటే హాల్‌టికెట్ రాదు. ఐదింటికి జాబితా మూతపడుతుంది. అప్పటికే నాలుగున్నర.

ఆ జాబితాలో చివరి పేరు పద్మలీలదే. ఉద్యోగం రాగానే వదిలేసిన డిగ్రీకి పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ కూర్చుంటోంది. ఒక్క పేపరు మిగిలింది.

నన్ను మళ్లీ నొక్కి అన్నీ తీసేసింది. చేత్తో పెట్టడానికి టైము లేదు. మస్తాన్‌వలీకి ఫోన్ చేసింది.

"పెట్టె మీద రైట్‌క్లిక్ కొట్టి 'ఇన్‌స్పెక్ట్' నొక్కితే దాని పేరు కనపడిద్ది మేడమ్. ఆ పేరు స్క్రిప్టులో రాయండి, ఆ వరసే ఎంచుద్ది."

"నాకేం వచ్చండీ అవన్నీ?"

"తెలుగు టైపు నేర్చుకోలా? ఇదీ అంతే."

లైను కట్టయింది. ఆమె నన్ను తెరిచింది. నా లోపలికి మస్తాన్‌వలీ తప్ప ఇంకెవరూ చూడలేదు, నాకు సిగ్గేసింది. రెండుసార్లు తప్పు రాసింది, నేను కదల్లేదు. మూడోసారి 'అనుమతి' వరస మొత్తం నిండింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

హాజరు నిజంగా చాలని తొమ్మిదిమందికి టిక్కు తీసి, వాళ్ల రెండో పెట్టెలో పెట్టింది. తర్వాత తన పేరుకున్నదీ తీసేసింది. నా పనికేం తక్కువని ఉక్రోషమొచ్చింది. ఆమె మణికట్టు గుడ్డ విప్పి, మౌస్ నెమ్మదిగా జరిపి, ఆ ఒక్క టిక్కూ తనే పెట్టుకుంది. నాలుగు యాభై ఏడుకి జాబితా పంపేసింది.

ఆమె పాసయింది. ఇప్పుడు ఆ పేజీలోనే 'అన్నీ ఎంచు' బటన్ వచ్చింది, నాకు పని లేదు.

"ఇంకా అదెందుకు మేడమ్, తీసెయ్యండి" అన్నాడు మొన్న మస్తాన్‌వలీ.

"ఉండనీండి. నేను దిద్దిన మొదటి రాత అది" అంది పద్మలీల.

అప్పట్నుంచీ నా పొగరు రెట్టింపైంది.