రాయుడి పలుపు

కొండమ్మ కుడితిలో చెయ్యి పెట్టి తవుడు ఉండలు చిదుపుతుండగానే రాయుడు మూతి దూర్చాడు. "ఆగరా, పెళ్ళి ముహూర్తం మించిపోతోందా నీకు?" అంటూ మోచేత్తో నెట్టింది. వాడు నెడితే కదిలే రకమా! తెల్లటి కోడె, కాటుక పెట్టినట్టున్న కళ్ళు, ఇప్పుడిప్పుడే నిండుతున్న మూపురం.

ఒంగోలు దారిలోని ఆ పశుక్షేత్రంలో ఆమెది పేడ ఎత్తే పని. మొగుడు పోయిన ఏడే చేరింది. అప్పుడే ఓ ఆవు ఈనుతూ చచ్చిపోతే, దాని దూడకు సీసాతో పాలు పట్టి, దాని ఒళ్ళు తుడుస్తూ తన ఏడుపు మరిచింది. ఆ దూడే రాయుడు. వాడు ఇక్కడే ఆబోతుగా నిలవాలని, ఊరూరా వాడి దూడలు గెంతాలని ఆమెకు ఒకటే ఆశ. అది తేలేది ఇవాళే. కోడెల తోక వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి పరీక్షకు పంపిన డాక్టరు శ్రీరమ్య కొట్టంలోకి వచ్చి, ముందు రాయుడి గంగడోలు నిమిరింది.

"వీడు ఆబోతుగా పనికిరాడు కొండమ్మా. తల్లీ తండ్రీ మరీ దగ్గరి రక్తం."

"దూరమనేగా అమ్మా ఆవును ఆబోతుతో దాటించారు?"

"కాగితాల్లో దూరమే. జన్యువుల్లో చూస్తే ఒకే ఇంటివాళ్ళు. ఒకప్పటి ఓ పెద్ద ఆబోతు అందానికి మురిసి అందరం దాని సంతానాన్నే వాడాం. ఇలాగే పోతే దూడలు నిలవవు."

"మనుషుల్లో మేనరికాలు లేవా అమ్మా? నేను మా మేనమామనే చేసుకున్నా. నా కొడుకు చీరాలలో ఆటో తోలుకోవట్లా?"

శ్రీరమ్య నవ్వలేకపోయింది. "వీళ్ళింట్లో తరతరానా అదే జరిగింది."

కొండమ్మకు కొడుక్కి ముందు పుట్టి, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరు బిడ్డలూ గుర్తొచ్చారు. ఎందుకు పోయారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం పెదకాకాని నుంచి మిర్చి రైతు వెంకయ్య రాయుణ్ణి కొనుక్కెళ్ళడానికి వ్యాను తెచ్చాడు. విత్తులు కొట్టించి, ఎద్దును చేసి అరక కడతాడట. పశువుతో పాటు పలుపు ఇచ్చేస్తే కొట్టం కళ తప్పుతుందంటారు. అందుకే కొత్త తాడు తనే తెచ్చుకున్నాడు.

"కొత్తది మెడ ఒరుస్తుందయ్యా. ఈ పలుపే తీసుకెళ్ళు," అంది కొండమ్మ. తన పాత చీర పీలికలతో పేనిన పలుపు అది.

"ఆచారం తప్పకూడదు చెల్లెమ్మా. బెంగ పెట్టుకోమాక, బాగా చూసుకుంటాలే."

రాయుడు ఎవరు అదిలించినా వ్యాను ఎక్కలేదు. చివరికి కొండమ్మే ముందు ఎక్కింది. వాడు మారుమాట లేకుండా వెనకే ఎక్కాడు. వెంకయ్య కొత్త తాడు వెయ్యగానే ఆమె రాయుడి మెడలోంచి పలుపు తీసుకుని ఇంకో పక్కనుంచి దిగిపోయింది.

సాయంత్రం కొట్టం కడిగి, పలుపును వాడి గుంజకే తగిలించింది. ఎర్ర పీలికల మధ్య నాలుగు తెల్ల వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఉచ్చు మాత్రం ఇంకా రాయుడి మెడంత గుండ్రంగానే ఉంది.