లేదనని కొట్టు

ఏప్రిల్ పదో తేదీ పొద్దున రాజ్యశ్రీ పెసరట్టు తిన్నది. అల్లప్పచ్చడి ఘాటుకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగితే స్నేహితురాలు ఇర్మె నవ్వింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిని, చేతులు కడుక్కుని, గోదాములో ఇప్పపువ్వు బస్తాల మధ్య లాప్‌టాప్ తెరిచి హైదరాబాదు కంపెనీ ఇంటర్వ్యూకు కూర్చున్నారు. నెల దాటింది. ఆ తర్వాత తిన్నదేదీ రాజ్యశ్రీకి అంతగా గుర్తు లేదు.

ఈ రోజూ కొట్టు మామూలుగానే తెరిచింది. వాకిట్లో నీళ్ళు చల్లింది. కాంటా పళ్ళేన్ని పాత చొక్కా గుడ్డతో తుడిచింది. బెల్లం దిమ్మల మీది గోనెపట్టా తీసి ఈగలను తోలింది. మనిషి పొట్టిగా, కాస్త బొద్దుగా ఉంటుంది. బస్తాలు ఈడ్చి ఈడ్చి కుడి అరచెయ్యి గట్టిపడింది. జుట్టు మడిచి క్లిప్పు పెట్టుకుంటుంది, పనిలో అది జారుతూనే ఉంటుంది. సరిహద్దు ఊరైన కొంటా బజారులో ఆమెను ప్రత్యేకంగా చూసేవాళ్ళెవరూ లేరు. ఉప్పు కావాలంటే వస్తారు, ఉప్పు తీసుకుని పోతారు.

"దీదీ, టార్చిలైటు బల్బు ఉందా?" ఎర్రబోరు నుంచి వచ్చిన బుధ్రాం అడిగాడు.

కొట్లో లేదు. అయినా, "రేపొస్తది భయ్యా. భద్రాచలం నుంచి తెప్పిస్త," అన్నది.

"పోయిన సోమవారం గూడ ఇదే రేపు."

"ఈ రేపు పక్కా. కూసో, జర నీళ్ళు తాగు."

అతను నీళ్ళు తాగి, బల్బుకు బదులు రెండు సబ్బులు కొనుక్కుని పోయాడు.

ఆ కొట్టు పద్ధతే అది. తాత పెట్టినది, తండ్రి సత్యమూర్తి నిలబెట్టినది. అడిగిన వస్తువు లేదని గిరాకీతో అనకూడదు. ఒకసారి లేదనిపించుకున్న గుమ్మం మనిషి మళ్ళీ తొక్కడని వాళ్ళ నమ్మకం. రాజ్యశ్రీకి అది అబద్ధంగా ఎన్నడూ తోచలేదు. చాలాసార్లు ఆ వస్తువు మర్నాటికి నిజంగానే వచ్చేది.

జగదల్‌పూర్‌లో బీఎస్సీ వృక్షశాస్త్రం చదివింది. హాస్టలు గదిలో పక్క మంచం ఇర్మెది. పక్క ఊరు మరైగూడలో దొర్ల తెగ రైతు కూతురు. డిగ్రీ చేతికొచ్చాక ఆకుల పేర్లు తెలిసినవాళ్ళు ఎవరికీ అక్కర్లేదని తేలింది. అప్పుడు ఫోనులో పాఠాలు చూసి ఇద్దరూ టెస్టింగు నేర్చుకున్నారు. ఎవరో రాసిన ప్రోగ్రాము ఎక్కడ తప్పుతుందో వెతికి పట్టే పని. రెండేళ్ళు ఆ గోదామే వాళ్ళ కాలేజీ. రాజ్యశ్రీ నోట్సు పొందిగ్గా రాసుకునేది. ఇర్మె మాత్రం నొక్కొద్దన్న చోటల్లా నొక్కి చూసేది.

ఇంటర్వ్యూలో మేడం ఒక టూలు పేరు చెప్పి, "వచ్చా?" అని అడిగింది. రాజ్యశ్రీ ఆ పేరు విన్నదే గానీ ముట్టుకోలేదు. అయినా "వచ్చు మేడం" అనేసింది. రాత్రంతా కూర్చుని నేర్చేసుకుంటే సరి అనుకుంది. మేడం తెర మీద అదే టూలు తెరిచి, "ఏదీ, ఒకటి చేసి చూపించు" అన్నది. రాజ్యశ్రీ మౌస్ అటూ ఇటూ కదిలించింది గానీ ఎక్కడ నొక్కాలో తెలియలేదు. తర్వాతి వంతు ఇర్మెది. "రాదు మేడం. చూపిస్తే పట్టుకుంట," అన్నది. ఉద్యోగం ఇర్మెకు వచ్చింది.

ఈ సాయంత్రం బస్సుకు ఇర్మె వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నం చింతపండు తూస్తుండగా ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది. ఆ మేడమే.

"చేరతానన్న అబ్బాయి రాలేదమ్మా. ఇర్మె నీ పేరు చెప్పింది. మూడు నెలలు మేమే నేర్పిస్తాం. తనతో పాటు ఇవాళే బయల్దేరతావా?"

ఆలోచన ఇంకా మొదలవకముందే నోరు జవాబు చెప్పింది. "రేపు చెప్త మేడం."

"రేపటిదాకా ఆగలేను. సాయంత్రం ఆఫీసు మూసేలోగా చెప్పు."

చింతపండు అమ్మడానికి తెచ్చిన ముసలమ్మ కాంటా వంక చూస్తూ నిలబడింది. రాజ్యశ్రీ దాన్ని రెండోసారి తూచింది.

సత్యమూర్తి లోపలినుంచి విన్నాడు. టీ పెట్టి, గ్లాసు ఆమె చేతికి అందేచోట పెట్టాడు.

"పో బిడ్డా. కొట్టు నేను చూసుకోలేనా? మీ అమ్మ పోయిన ఏడాది ఒక్కణ్ణే చూసిన."

"కారం అడిగితే పసుపు తూచినవ్ నాన్నా."

"ఎవ్వడన్న తిరిగి తెచ్చిండా?"

ఆమె నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఆ టూలు నేర్చుకున్నంకనే పోత. మళ్ళ అందరి ముందట కూసోబెట్టి చెయ్యమంటే?"

ఆయన అటక మీది సంచి దించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెట్టాడు.

నాలుగు దాటాక ఇర్మె వచ్చింది. కొత్త చుడీదారు, భుజాన బరువైన బ్యాగు. సంచి చూసి ముఖం విప్పారింది. అది ఖాళీదని ఎత్తి చూశాక తెలిసింది.

"ఏంది రాజీ, ఇంక సర్దలే?"

"గిరాకీ ఉంది."

"గిరాకీ రేపు గూడ ఉంటది. నాకు మాత్రం ఏమొస్తదే? తెల్వదని చెప్పి కూసునుడే. తెల్వదన్నోళ్ళను కొడతరా ఏంది?"

"చేస్తనే ఫోను. వీళ్ళను పంపి చేస్త."

వాళ్ళను పంపింది. మరొకరు వచ్చారు. పావుకిలో ఉల్లిగడ్డలు, ఒక అగ్గిపెట్టె, ఎవరికో నూనె. ప్రతి ఒక్కరికీ ఆమె అవసరానికి మించి మర్యాద చేసింది. ఎండుమిరపకాయల తొడిమలు ఏరి మరీ ఇచ్చింది. ఇర్మె బెంచీ మీద కూర్చుని కాసేపు చూసింది. తర్వాత చూడడం మానేసి బజారు వైపు తిరిగి కూర్చుంది.

బస్సు హారను కొట్టింది. ఇర్మె లేచింది.

"నన్ను సాగనంపి ఏడవకు. గిరాకీ బెదురుద్ది," అన్నది. తనే కళ్ళు తుడుచుకుంది. సత్యమూర్తికి వంగి దణ్ణం పెట్టింది. ఆయన ఆమె చేతిలో వేరుశెనగ ఉండల పొట్లం పెట్టాడు.

రాజ్యశ్రీ బస్టాండు దాకా వెళ్ళింది. కిటికీ లోంచి ఇర్మె చెయ్యి కాసేపు కనిపించింది. ఆ తర్వాత బస్సు వెనక రాసిన అక్షరాలు, ఆ తర్వాత దుమ్ము.

అక్కడే, చెరుకురసం బండి పక్కన నిలబడి, ఆమె మేడంకు ఫోను చేసింది.

"అయ్యో, ఇప్పుడే ఒకమ్మాయికి చెప్పేశానమ్మా. ఆఫీసు మూసేస్తున్నాం. ఇంతసేపూ చూశాను."

"మేడం... నాకు ఆ టూలు రాదు మేడం. ఆ రోజు వచ్చని చెప్పిన."

"రాదని నాకు ఆ రోజే తెలిసింది కదమ్మా," అన్నది మేడం మెల్లగా. "తెలిసే పిలిచాను."

ఆమె తిరిగొచ్చేసరికి సత్యమూర్తి కొట్టులో దీపం వెలిగించి, గిరాకీకి ఉప్పు తూస్తున్నాడు. అది ఉప్పే. కూతురి ముఖం చూసి, గుమ్మం పక్కన ఉన్న సంచిని మళ్ళీ అటక మీద పెట్టేశాడు. అన్నం తిన్నాక ఆయన నిద్రపోయాడు.

రాజ్యశ్రీ గోదాము మూయడానికి వెళ్ళింది. బస్తాల పక్కన మేకుకు ఇర్మె సొరబుర్ర వేలాడుతోంది. రోజూ ఇంటినుంచి మంచినీళ్ళు అందులోనే తెచ్చుకునేది. కదిపితే అడుగున నీళ్ళు చప్పుడు చేశాయి. మూత తీసి ఒక గుక్క తాగింది. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. మూత బిగించి, బుర్రను మళ్ళీ మేకుకే తగిలించింది.

తండ్రి నిద్ర చెడకుండా తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగింది. సన్నబడుతున్న సందులోంచి, మేకు మీద ఇంకా కొద్దిగా ఊగుతున్న సొరబుర్ర కనిపించింది.