నీలి రొమ్ము పాలపిట్టలు

మా ముత్యం బావకు పాలపిట్ట పిచ్చి. దసరా నాడు పాలపిట్టను చూస్తే తప్ప ఆ ఏడాది ఏ పనీ కలిసి రాదంటాడు. బహ్రెయిన్‌కు వచ్చి ఇన్నేళ్లయినా (మా ఊళ్ళో మాత్రం మమ్మల్ని దుబాయి వాళ్లనే అంటారు) ఆ పిచ్చి తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. ఏటా పండగ నాడు నన్ను వెంటేసుకుని బుదయ్యా రోడ్డు ఖర్జూర తోటల దాకా లాక్కుపోయేవాడు. చిత్రమేమిటంటే, ఏటా అక్కడ కరెంటు తీగ మీద నీలంగా ఒకటి కూర్చునే ఉండేది.

"సూసినవార నర్సిగా! మన జగిత్యాల కెల్లి మనెంబడే అచ్చింది" అని మురిసిపోయేవాడు.

నాకు ఒళ్లు మండేది. మన ఊరి పిట్టకు వీసా ఎవడిచ్చాడని అడిగితే కసురుకునేవాడు. అక్క మొగుడు కదా, అంతకు మించి అనలేను.

ఒక ఏడు దసరాకు ఓవర్‌టైం పడి తోటకు పోలేకపోయాం. ఆ చలికాలంలోనే, మీనా సల్మాన్ రేవులో గోడౌను కడుతుంటే, పరంజా మీద బావ కాలి కింద పలక జారింది. కింద కట్టిన వల ఆపింది కాబట్టి బతికాడు. దెబ్బలు మానాయి, భయం మానలేదు. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కాడంటే కాళ్లు వణికి, చెమటలు పట్టి, కిందికి దిగిపోయేవాడు. అంత పెద్ద మనిషి అలా వణుకుతుంటే చూడలేక నేను మొహం తిప్పుకునేవాణ్ణి.

మా ఫోర్‌మన్ సోమరాజు గారిది గోదావరి జిల్లా. మంచివాడే. చాలా నెలలు బావకు కింద సామాన్ అందించే పని ఇచ్చి నెట్టుకొచ్చాడు. చివరికి ఒకరోజు ఇద్దర్నీ పిలిచాడు.

"ఏంటయ్యా ముత్యం, ఎన్నాళ్లని దాచమంటావు నిన్ను? నిన్ను తెచ్చుకుంది పైన పనికి. పండగెళ్లాక కూడా ఎక్కలేదనుకో, నీకు వీసా ఇచ్చిన కఫీల్ టికెట్టు కొని ఇంటికి పంపేస్తాడు. నేను ఆపలేను."

"ఎక్కుత సార్. పండుగనాడు పాలపిట్ట కనవడనియ్యిండ్రి, ఎక్కుత."

సోమరాజు గారు నావైపు చూశాడు. ఆ మాట నాకూ వెర్రిగానే ఉంది. కానీ బావ కళ్లు చూస్తే, పిట్ట కనబడితే నిజంగానే ఎక్కేలా ఉన్నాడు. కనబడకపోతే అక్క దగ్గరికి ఓడిపోయి వెళతాడు. ఆ ఓటమి నుంచి లేవలేడని నాకు తెలుసు.

ఆ మరుసటి దసరా తొందరగా వచ్చింది, ఎండ మాత్రం పోనే లేదు. తొంభై ఎనిమిది అది. పండగ దగ్గరికొచ్చినా గాలి పొయ్యి మీద నుంచి వచ్చినట్టే ఉండేది. తట్టుకోలేక మా పని తెల్లవారకముందే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేసేవాళ్లు. పండగ ముందటి శుక్రవారం నేనే బావను తోటకు తీసుకెళ్లాను, పిట్టలు వచ్చాయో లేదో చూద్దామని. తీగ ఖాళీ. చెట్లన్నీ ఖాళీ. తోట చూసుకునే హసన్ అనే ముసలాయన ఖర్జూరాలు పెట్టి, మా అందరికీ అర్థమయ్యే ఆ అరకొర హిందీలో చెప్పాడు.

ఆ పిట్టలు ఇరాన్ అవతల చలిదేశాల్లో పుడతాయట. ఆఫ్రికాకు పోతూ దారిలో ఇక్కడ దిగుతాయట. మునుపు ఇక్కడ ఎండ తగ్గేసరికి వచ్చేసేవి. ఇప్పుడు అక్కడా చలి ఆలస్యం, ఇక్కడా ఎండ ఆలస్యం. అందుకని అవీ ఆలస్యంగా బయల్దేరుతున్నాయి. వచ్చినా కాలుతున్న నేల మీదికి దిగడం లేదు. చల్లని పూట చూసుకుని, పైనుంచే దాటిపోతున్నాయి. "నీచే ఖలాస్, భాయ్" అన్నాడు నేలను చూపించి, కింద ఇక దిగే చోటు లేదన్నట్టు.

"తాతకేం ఎరుక? అవి మనయే" అన్నాడు బావ. కానీ క్యాంపుకు తిరిగొచ్చే బస్సులో దారి పొడవునా కరెంటు తీగలే వెతికాడు.

పండగ రోజు చీకటితోనే డ్యూటీ ఎక్కాం. నేను గోడౌను పైవరస మీద పరంజా పైపులను కలిపే క్లాంపులు బిగిస్తున్నాను. బావ కింద పైపులు ఏరుతున్నాడు. విమానాశ్రయం ఉన్న ముహర్రక్ వైపు ఆకాశం తెల్లబడుతోంది. విమానం ఒకటి లేచి వెళ్లిపోయింది. అది పోయిన దారిలోనే, సముద్రం మీద, ఏదో నలుసులు నలుసులుగా కనబడింది.

దుమ్మనుకున్నాను. దగ్గరికొచ్చేసరికి రెక్కలు కనబడ్డాయి. సూర్యుడి మొదటి వెలుగు వాటి మీద పడగానే నా చేతిలో పానా ఆగిపోయింది. నీలం! ఒకటి కాదు, పది కాదు. ఆకాశం పొడవునా, సరిగ్గా నా ఎత్తున, నీలి రెక్కలు తెరుస్తూ మూస్తూ వస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూడలేదు.

"బావా! పాలపిట్టలే! ఆకాశం నిండ పాలపిట్టలే!" గొంతు చించుకుని అరిచాను.

"ఏడ? ఏడరా?" కింద మెడ ఎత్తి గుండ్రంగా తిరుగుతున్నాడు. మధ్యలో గోడ అడ్డం. అతనికి ఏమీ కనబడదు.

"ఆడికెల్లి కనవడయి! పోతున్నయి బావా, జల్ది!"

ఆ తరవాత నేను అతన్ని మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఎందుకంటే వాటిలో ఒకటి వచ్చి నాకు జానెడు దూరంలో పైపు కొస మీద వాలింది. నోరు తెరిచి ఎగపోస్తోంది. రెక్కలను ఒంటికి ఆనకుండా ఎడంగా పట్టుకుని గాలికి ఆరబెట్టుకుంటోంది. దోసిట్లో పట్టే పిట్ట! ఈ ఏడే పుట్టిన పిల్లేమో కూడా. తల్లిదండ్రులు దిగిన తోటను కాదని, సముద్రం మీద ఈ ఎత్తున ఈ వేళకు పొమ్మని దీనికి ఎవరు చెప్పారు? మేం ఎండకు పని వేళ మార్చుకోవాలంటే పైనుంచి ఆర్డరు రావాలి.

నా పక్కన ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడైంది. బావ! పలక మీద నిలబడి ఉన్నాడు. ఎలా ఎక్కాడో, ఎప్పుడు ఎక్కాడో! మాట్లాడితే ఎక్కడున్నాడో గుర్తొస్తుందని నేను నోరు మూసుకున్నాను.

అతను పిట్టను చాలాసేపు చూశాడు.

"నర్సిగా, ఇది మనది కాదుర" అన్నాడు నెమ్మదిగా. "మన పాలపిట్ట రొమ్ము మట్టిరంగుంటది. దీనిది సూడు, రొమ్ము సుత నీలమే."

అయిపోయింది, దిగిపోతాడు, ఇంటికి పోతాడు అనుకున్నాను. ఇన్నేళ్లు దూరం నుంచి చూసి వేరే పిట్టకు మురిశామన్నమాట.

"మనది ఊరిడిసి ఏడికీ పోదు" అన్నాడు బావ. "ఇది పోతది. ఇంత ఎండల, ఇంత సముద్రం మీద." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా చేతులు జోడించాడు. పిట్ట ఒకసారి మావైపు చూసి, కిందికి జారి, నీలంగా విచ్చుకుని మిగతా వాటిలో కలిసిపోయింది. చివరి పిట్ట దాటేదాకా మేమిద్దరం కదల్లేదు.

కింద సోమరాజు గారు వచ్చినట్టున్నాడు, కేకేశాడు. "పైన నర్సింగ్ పక్కనున్నది ఎవరయ్యా?"

బావ అంచు దాకా నడిచి, వంగి, కిందికి చూశాడు.

"నేనే సార్, ముత్యాన్ని. ఈడ క్లాంపులు అయిపోయినయి, పైకి పంపుండ్రి."