మల్లేశ్వరి గట్టిమేళం

పొద్దున్నే డోలుని కొక్కెం మీంచి దించి, వాకిట్లో నులకమంచం మీద ఎండ తగిలేట్టు పెట్టి, మేక దాన్ని నాకకుండా చూస్తుండమని పెళ్లాంతో చెప్పి, అప్పుడుగానీ ఖాదర్ వలి వేపపుల్ల నోట్లో పెట్టుకునేవాడు కాదు. గన్నేరుపాడులో పెళ్లంటే ఖాదర్ వలి డోలు, ఆయన బావమరిది సన్నాయి ఉండాల్సిందే. డోలు చర్మం బిగువెక్కాలంటే ఎండ కావాలి.

"ఆ డోలుకి పట్టిన అదృష్టం నాకు పట్టలా" అని కరీమున్ సణుగుతూనే మేకని అదిలించేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట అనని రోజు లేదు, మేకని అదిలించని రోజూ లేదు.

డోలు మంచమెక్కగానే ఒకరో ఇద్దరో వచ్చేవాళ్లు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతూ గురవమ్మ ముందు అక్కడ ఆగేది. తట్ట దించి, కొప్పు సర్దుకుని, డోలుకి చెవి ఆనించి వినేది. విని, ముక్కు చీది, నవ్వుకుంటూ పనికి పోయేది.

ఆ డోల్లో ఒక మధ్యాహ్నం ఉంది. పందొమ్మిదివందల అరవై నాలుగు, మే ఇరవై ఏడు, బుధవారం మధ్యాహ్నం. నెహ్రూ పోయిన మధ్యాహ్నం. ఎవరు చెవి పెడితే వాళ్ల మధ్యాహ్నం వాళ్లకి వినపడేది. నెహ్రూ పోయాడన్న కబురు చెవిన పడగానే గురవమ్మ చేతిలోని చేంతాడు జారిపోయింది. బొక్కెన బావిలో పడ్డ చప్పుడు ఆమెకి డోల్లో వినపడేది. వెంటనే "నీ చేతులు పడిపోను, కొత్త బొక్కెనే!" అని వాళ్లమ్మ తిట్టు. తర్వాత ఏడాదికే ఆ తల్లి కన్నుమూసింది. బొక్కెన ఇంకా బావిలోనే ఉంది. గురవమ్మ రోజూ వచ్చేది నెహ్రూ కోసం కాదు, ఆ తిట్టు కోసం.

బడిపంతులు శేషాచలం గారు, తాను పంచాయతీ రేడియో ముందు కూచుని ఆ కబురు శ్రద్ధగా విన్నానని ఊళ్లో చెప్పుకునేవాడు. డోల్లో మాత్రం ముందు గురక వినపడింది. ఆ సంగతి ఆయన ఒక్క ఖాదర్ వలికే చెప్పాడు. ఖాదర్ వలి ఒక్క కరీమున్‌కే చెప్పాడు. మర్నాటికి ఊరందరికీ తెలిసింది.

డోలు ఆ మధ్యాహ్నాన్ని మింగిన చోటు రోశయ్య ఇంటి పెళ్లి పందిరి.

రోశయ్య కూతురు మల్లేశ్వరి పెళ్లి ఆ రోజే. ఊళ్లో సంబంధమే. పిల్ల తూర్పు బజారు నుంచి పడమటి బజారుకి పోవాలి, అంతే దూరం. వరుడు అంకారావు ఆరెకరాల మిరప, నాలుగెకరాల పత్తి ఉన్నవాడు. రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం దాటాక ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణి తిట్టుకుంటూనే ఊరంతా పందిట్లో చేరింది. జీలకర్రా బెల్లం అయింది. మంగళసూత్రాలు పళ్లెంలో పెద్దల చేతులు తాకి వస్తున్నాయి. అప్పుడు శేషాచలం గారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"నెహ్రూ గారు పోయారండీ! ఢిల్లీలో... ఇప్పుడే చెప్పారు."

పందిట్లో ఏడుపు లేచింది. ఆయన్ని చూసినవాళ్లు ఆ ఊళ్లో ఎందరున్నారు? ఖాదర్ వలి ఉన్నాడు. నాగార్జునసాగరం శంకుస్థాపన నాడు లారీలో నిలబడి పోయి, ఆ జనంలో తెల్లటోపీ అంచు మాత్రం చూసి, తొమ్మిదేళ్లుగా ఆ అంచునే వర్ణిస్తున్నాడు. ఆ కాలవ నీళ్లు ఇంకా గన్నేరుపాడు రాలేదు. నీళ్లిస్తానన్న మనిషి పోయాడు.

"లగ్నం దాటిపోతుంది బాబూ, కానీండి" అన్నాడు పురోహితుడు. అంకారావు సూత్రాలు చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకపెట్టాడు.

ఖాదర్ వలి చేయెత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేకపోయాడు. వద్దని ఎవరూ అనలేదు, వాయించమని పురోహితుడు అరుస్తూనే ఉన్నాడు. ఇంట్లో పెద్ద పోతే మేళం వాయిస్తామా అనే ఒక్క మాట ఆయన బుర్రలో నిలబడిపోయింది. డోలు ఆగితే సన్నాయీ ఆగింది. తాళి నిశ్శబ్దంలో పడింది.

ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు. ఒంటితుమ్ము.

తాళి కట్టేవేళ చెడు మాటగానీ, తుమ్ముగానీ వినపడకూడదనే కదా గట్టిమేళం పెట్టింది పెద్దలు. మిరపకాయ బస్తాలు అరుగు మీదే ఉన్న ఊళ్లో తుమ్ములకి కొదవేం ఉంది? అయినా ఆ ఒక్క తుమ్మూ మూడొందలమంది విన్నారు. తుమ్మిందెవరో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

"పిల్లవైపు వాళ్లే" అంది అంకారావు తల్లి సామ్రాజ్యం, అప్పటికప్పుడే.

ఆ రోజు నుంచి ఆ డోలు ఏ పెళ్లిలోనైనా అన్నీ పలికేది, గట్టిమేళం మాత్రం పలికేది కాదు. ఖాదర్ వలి చేతులు పడుతూనే ఉండేవి, చప్పుడు వచ్చేది కాదు. అందుకని పెళ్లివారు ఆ ఒక్క నిమిషానికి పొరుగూరి నుంచి ఇంకో డోలు పిలిపించుకునేవాళ్లు. "అది మల్లేశ్వరి మేళం. పరాయివాళ్లకెందుకిస్తుంది?" అనుకుని, భోజనాలకి లేచేవాళ్లు.

సామ్రాజ్యం చెడ్డ మనిషి కాదు. నడివయసులో మొగుడు పోతే పొలం, కొడుకు, రెండెడ్లు తానే ఈడ్చుకొచ్చిన మనిషి. కానీ భయం పట్టిందంటే వదిలేది కాదు. మొదటి ఏడు మిరపతోటకి బొబ్బర తెగులొచ్చింది. "గట్టిమేళం లేని పెళ్లి" అంది. రెండో ఏడు చూడి గేదె చచ్చింది. "ఒంటితుమ్ము" అంది. రెండేళ్లయినా కోడలి కడుపు పండలేదు. ఈసారి ఆవిడ కోడలి ట్రంకుపెట్టె దించి తుడిచి వాకిట్లో పెట్టింది.

"నాలుగు రోజులు మీ నాన్న దగ్గరుండిరా" అంది. నాలుగు రోజులు నలభై రోజులయ్యాయి. ఇంతలో నల్లపాడు నుంచి ఎవరో పిల్ల సంబంధం వచ్చింది. "ఆ పెళ్లి పెళ్లే కాదు, మేళమే మోగలా, రెండోపెళ్లి అని ఎవరంటారు?" అని సామ్రాజ్యం బజారంతా వినపడేట్టు అంది. తూర్పు బజారుకీ వినపడింది.

అంకారావు మంచివాడు. అమ్మ మాట వినేవాడు. ఎడ్లు మొరాయిస్తే ఎడ్ల మాటా వినేవాడు. అటువంటివాడు నోరు తెరిచి కాదనడం ఎట్లా? రాత్రిళ్లు తిండి మాత్రం తగ్గించాడు.

ఏ పెళ్లికైనా ముందు మేళగాడికి తాంబూలం ఇవ్వడం ఆ ఊరి ఆనవాయితీ. "పోయి ఖాదరుకి తాంబూలం ఇచ్చిరా. గట్టిమేళానికి రెండు డోళ్లు అదనంగా మాట్లాడు. ఈసారి లోటు రాగూడదు" అంది తల్లి. అంకారావు పళ్లెంలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ ఖాదర్ వలి ఇంటికి పోయాడు.

డోలు మంచం మీద ఎండ కాగుతోంది. ఖాదర్ వలి పళ్లెం వంక చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"అక్కడ పెట్టు నాయనా. ఆ పిల్లకి నేను చేసిన అన్యాయం ఒకటి చాలు, ఈ పళ్లెం ముట్టుకుని రెండోది చెయ్యమంటావా?"

"నువ్వేం చేశావు మావా. మా అమ్మ..."

"నేను చెయ్యి దించుంటే ఇంత దూరం వచ్చేదా?" ఖాదర్ వలి కళ్లు తుడుచుకున్నాడు. "సరే. ఒక్కటడుగుతా. ఊరంతా దీనికి చెవి పెట్టింది. నువ్వెప్పుడూ పెట్టలా. ఎందుకని?"

"నాకేం వినపడుద్ది? నా పెళ్లేగా. నేనక్కడే ఉన్నా."

"ఉన్నావుగా. అందుకే ఒక్కసారి పెట్టి చూడు."

అంకారావు మోకాళ్ల మీద కూచుని చెవి ఆనించాడు. చర్మం వెచ్చగా ఉంది. ముందు జనం గోల. శేషాచలం గారి రొప్పు. ఏడుపులు. పురోహితుడి కేక. తర్వాత నిశ్శబ్దం.

ఏ పెళ్లికొడుక్కీ దక్కని నిశ్శబ్దం అది. మేళం హోరులో తాళి కట్టేవాడికి తన గుండె చప్పుడే వినపడదు, పెళ్లికూతురు నోరు తెరిచినా ఎవరికి తెలుస్తుంది? అంకారావుకి గాజులు జారిన చప్పుడు వినపడింది. పసుపుతాడు బిగుస్తున్న చప్పుడు వినపడింది. చెవి పక్కనే, పెదాల్లోనే మల్లేశ్వరి గొంతు. "ఒకటి." కాసేపాగి, "రెండు." మూడో ముడి దగ్గర తన వేళ్లు వణికి తాడు జారడం అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఆమె తల వంచుకునే అంది. "కంగారు పడబాకండి. నిదానంగా వెయ్యండి. నేనెక్కడికీ పోనుగా."

తర్వాత "మూడు."

ఆ మాట ఆనాడే విన్నాడు. ఆ తర్వాత లేచిన గొడవలో మర్చేపోయాడు. ఎక్కడికీ పోనన్న మనిషిని తానే పెట్టెతో సహా పంపించాడు. అంకారావుకి ఏడుపు ముంచుకొచ్చింది.

చెవి ఇంకా తీయలేదు. ఒక ఎగపీల్పు వినపడింది, ఇంకొకటి, ఆపైన పెద్ద తుమ్ము, వెనకే సన్నగా "రామచంద్రా!" అని. పుట్టిన దగ్గర్నుంచీ పొయ్యి దగ్గర పోపు వేసినప్పుడల్లా వింటున్న తుమ్ము అది. ఎవరిదో అంకారావు ఎవరికీ చెప్పలేదు. ఖాదర్ వలి అడగనూ లేదు.

అతను లేచి పైపంచెతో మొహం తుడుచుకుని తూర్పు బజారు వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. "తాంబూలం, నాయనా!" అని కరీమున్ పిలిచింది. తిరిగి చూస్తే తమలపాకులు అప్పటికే మేక నమిలేసింది. ఈసారి ఆవిడ దాన్ని అదిలించలేదు.

మల్లేశ్వరి వాకిట్లో చాప మీద ఉప్పులో ఊరిన మామిడిముక్కలు ఎండబోస్తోంది. గుమ్మంలో అల్లుణ్ణి చూసి రోశయ్య మజ్జిగ ఇవ్వాలో కర్ర తీయాలో తేలక రెండూ పట్టుకుని నిలబడ్డాడు.

"మూడో ముడి గట్టిగా పడిందా?" అన్నాడు అంకారావు.

మల్లేశ్వరి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "రెండేళ్లకి గుర్తొచ్చిందా ఆ ముడి?"

"ఇప్పుడే విన్నా. ఖాదరు మావ ఇంట్లో."

"పడింది. విప్పాలని చూసినవాళ్లకి తెలియాలి ఎంత గట్టిగా పడిందో."

అంకారావు తల దించుకున్నాడు. "తప్పయింది. ఇంటికి పోదాం పద."

"అత్తయ్య రమ్మన్నారా?"

"అనలా. నేనంటున్నా."

ఆమె చాప దగ్గర్నుంచి లేచింది. చేతులకున్న ఉప్పు కడుక్కుంది. ముక్కలు సాయంత్రం తిరగెయ్యమని తండ్రికి చెప్పింది. పెట్టె తెచ్చి అంకారావు చేతిలో పెట్టింది, తాను మొయ్యలేదు.

వాళ్లిద్దరూ బజారు మధ్యగా నడిచిపోతుంటే కల్లాల్లో తొడిమలు తీసేవాళ్లు పని వదిలి వెంటపడ్డారు. గురవమ్మ మిరపకాయల తట్ట నెత్తిన పెట్టుకునే వచ్చింది. ఖాదర్ వలి డోలు మెడకి తగిలించుకుని, వేళ్లకి తొడుగులు వేసుకుంటూ వెనకాలే పరిగెత్తాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

సామ్రాజ్యం అరుగు మీద చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. ముందు కొడుకు చేతిలో పెట్టె చూసింది, తర్వాత పక్కనున్న కోడల్ని చూసింది.

"ఏందిరా ఇది?"

అంకారావు పెట్టె దించలేదు. ఆగలేదు. ఇద్దరూ కలిసి గడప దగ్గరికి వచ్చారు.

ఖాదర్ వలి చేయెత్తాడు. ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, డోలు మోగింది.

రెండేళ్లు కడుపులో దాచుకున్న గట్టిమేళం ఒక్కసారిగా బజారు మీద పడింది. ఇళ్ల కప్పుల మీద కాకులు లేచాయి. ఎడ్లు గంటలాడిస్తూ నిలబడ్డాయి. మేళంతో పాటు ఆ మధ్యాహ్నమంతా బయటికొచ్చేసింది, గురకతో సహా. బావిలో బొక్కెన పడ్డ చప్పుడూ, "నీ చేతులు పడిపోను!" అన్న తిట్టూ ఈసారి అందరికీ వినపడ్డాయి. గురవమ్మ ఏడుస్తూనే పక్కామెని పొడిచింది. "మా అమ్మే! విన్నావా, మా అమ్మే!" ఆ తర్వాత ఆ డోలు మామూలు డోలే అయిపోయింది, చెవి పెడితే ఏమీ వినపడేది కాదు. గురవమ్మ దానికి నొచ్చుకోలేదు. పోతూ పోతూ ఊరందరికీ వినపడేట్టు తిట్టిపోయింది మా అమ్మ అని గొప్పగా చెప్పుకునేది.

గట్టిమేళం వినపడితే చేతిలో అక్షింతలున్నవాళ్లు ఆలోచించరు. సామ్రాజ్యం చెయ్యీ ఆలోచించలేదు. యాభై ఏళ్ల అలవాటు కొద్దీ చాటలోంచి గుప్పెడు బియ్యం తీసి గడప దగ్గరున్న ఇద్దరి మీదా చల్లింది. చల్లాక గానీ తానేం చేసిందో ఆవిడకి తెలియలేదు. ఆ బియ్యంలో పసుపు లేదే అని మర్నాడు ఎంతో నొచ్చుకుంది గానీ, అప్పుడు మాత్రం కొడుకు నెత్తి మీదా, కోడలి పాపిట్లోనూ పడ్డ బియ్యపు గింజల్ని చూస్తూ అట్లాగే ఉండిపోయింది. ఇంకో గుప్పెడు తీసింది. ఈసారి తెలిసే తీసింది.

గురవమ్మ తట్టలోంచి మిరప కోరు ఘాటుగా రేగింది. సామ్రాజ్యం ముక్కుపుటాలు అదిరాయి. ఒక ఎగపీల్పు, ఇంకో ఎగపీల్పు. ఆవిడ కంగారుగా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మల్లేశ్వరి అత్తగారి భుజాలు ఎగిరిపడటం చూసింది. కొంగు వెనక పెదాలు "రామచంద్రా" అనడం చూసింది. చప్పుడు మాత్రం వినపడలేదు. డోలు అంత గట్టిగా మోగుతోంది. ఆమె నవ్వాపుకుని కుడికాలు గడప లోపల పెట్టింది.