చేదు తగలని మాస్కు

షెడ్డులో లేతు మిషన్లు, గ్రైండింగ్ మిషన్లు తిరుగుతున్నంతసేపూ ఇనుము మీద నూనె పడుతూ ఉంటుంది. ఆ నూనె వేడికి, వేగానికి తుంపరై గాల్లోకి లేస్తుంది. ట్యూబులైటు కింద నిలబడి పైకి చూస్తే కనిపిస్తుంది. మధ్యాహ్నానికి కళ్ళజోళ్ళ మీద పొర కడుతుంది. సాయంత్రం ఇంటికెళ్ళి విప్పిన చొక్కాని ఇంట్లోవాళ్ళు మిగతా బట్టలతో కలపరు. గ్రైండింగ్ మిషన్ మీద పనిచేసే అతను ఏడాదిగా దగ్గుతున్నాడు. దగ్గు వినబడలేదంటే అతను సెలవు పెట్టాడని అర్థం.

ఆ తుంపరను లాగేసే యంత్రం బిగించేదాకా అందరూ మాస్కులు పెట్టుకోవాలని యాజమాన్యం తేల్చింది. ఏ మాస్కో తేల్చే పని సేఫ్టీ మేడమ్‌కి అప్పగించింది. ఆమె ఈ మధ్యనే చేరింది. షెడ్డులో సగం మంది కూతుళ్ళకి ఆమె వయసే ఉంటుంది. అయినా అందరూ మేడమ్ అనే అంటారు.

మేడమ్ ఇంకా ఏమీ అడక్కముందే, షెడ్డుకి సరుకు కొనే పర్చేజ్ ఆయన ఒక డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. తెల్ల మాస్కులు. డబ్బా మీద 'ఎన్' అని ఉంది. ఇవే అందరూ వాడుతున్నారని, ఆస్పత్రుల్లో కూడా ఇవేనని ఆయన చెప్పాడు. ఆస్పత్రుల్లో ఇనుము కొయ్యరని మేడమ్ గుర్తు చేసింది. ఎన్ రకం మామూలు దుమ్ముకి పనికొస్తుంది. దాని పొరల్లో ఉన్న స్థిర విద్యుత్తు దుమ్ముని పట్టుకుంటుంది. నూనె తగిలితే ఆ పట్టు పోతుంది. ఇదంతా విని పర్చేజ్ ఆయన ఒక మాస్కుని వెలుగులో తిప్పి చూశాడు.

"నూనె తగిలాక కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే ఉంటుంది."

"మరి ఎవరికి తెలుస్తుందండీ?"

"ఊపిరితిత్తులకి," అంది మేడమ్.

ఆ డబ్బా వెనక్కి వెళ్ళింది. తర్వాత 'ఆర్' రకం వచ్చింది. అది నూనెకి తట్టుకుంటుంది, కానీ ఒక్క షిఫ్టే. షిఫ్టు అవగానే పారేయాలి. షెడ్డులో చేతులు తుడుచుకునే గుడ్డని కూడా చిల్లులు పడేదాకా పారేయరు. వీళ్ళు మాస్కుని రోజూ పారేస్తారన్న నమ్మకం మేడమ్‌కి కలగలేదు. చివరికి 'పి' రకం దగ్గర ఆగింది. అది నూనెకి అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అందులో రెండు ఆకారాలు దొరికాయి. ఒకటి బూడిదరంగుది, గిన్నెలా ఉంటుంది. రెండోది నీలంది, మడత పెట్టి జేబులో పెట్టుకోవచ్చు. నీలంది పర్చేజ్ ఆయనకి తెలిసిన దుకాణంలో కావలసినన్ని ఉన్నాయి. బూడిదరంగుది ఆర్డరిచ్చి తెప్పించాలి. కాబట్టి ఆయన మనసంతా నీలం మీదే ఉంది.

రెండూ మంచివేనని, ఏది ఎవరి ముఖానికి అంటుకుని కూర్చుంటుందో పరీక్ష చేస్తేగానీ తెలియదని మేడమ్ చెప్పింది. పరీక్ష ఇదీ. మనిషి మాస్కు పెట్టుకున్నాక తల మీదుగా పెద్ద తొడుగు దించుతారు. దాని ముందుభాగం పారదర్శకంగా ఉంటుంది. అక్కడున్న రంధ్రంలోంచి చేదు మందు చల్లుతారు. మాస్కు పక్కల నుంచి గాలి దూరితే నోట్లో చేదు తగులుతుంది. దూరకపోతే తగలదు. అంతకుముందు అసలు ఆ మనిషికి చేదు తెలుస్తుందో లేదో చూడటానికి ఒకసారి మాస్కు లేకుండా చల్లుతారు.

చేదు, నాలుక అన్న మాటలు చెవిన పడగానే షెడ్డంతా ఒకటే మాట అంది. బాబాయ్‌ని పిలవండి.

బాబాయ్ లేతు మీద పనిచేసే టర్నర్, షెడ్డులో అందరికంటే పాతవాడు. ఆయన భార్య క్యాంటీన్ నడుపుతుంది. ఆమె అందరికీ పిన్ని. రోజూ వడ్డనకి ముందు పిన్ని గరిటెతో కాస్త కూర తీసి భర్త అరచేతిలో వేస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని నాలుకకి రాసుకుని ఒక మాట చెబుతాడు. ఆ మాట మీద క్యాంటీన్ నడుస్తుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు అది. పిన్ని తను వండింది తను రుచి చూడటం ఎప్పుడో మానేసింది. క్యాంటీన్ గోడ మీద ఆమె రాయించిన బోర్డు ఉంది. "వడ్డించినది వదిలేయరాదు. వంటగదిలోకి రారాదు. ఉప్పు, కారముల గురించి చెప్పుకోదలచినవారు బాబాయ్‌తో చెప్పుకోవలెను."

ఎవరికీ తెలియనిదేమంటే, రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గాక బాబాయ్‌కి రుచి తెలియడం మానేసింది. వాసన కూడా అంతే. రేపటికి వస్తుందిలే అనుకుని మొదటిరోజు చెప్పలేదు. మొదటిరోజు చెప్పలేదు కాబట్టి రెండోరోజు చెప్పలేకపోయాడు. అప్పటినుంచి పిన్ని గరిటె అందించేటప్పుడు ఆమె ముఖం చూసేవాడు. ఆమె ధీమాగా ఉంటే సరిపోయింది అనేవాడు. అనుమానంగా ఉంటే ఇంకాస్త ఉప్పు వెయ్యమనేవాడు. పిన్నికి అనుమానం ఎక్కువ. కూరలో ఉప్పు కూడా అలాగే పెరుగుతూ వచ్చింది. కూర నోట్లో పెట్టుకున్నవాళ్ళకి సంగతి తెలుస్తూనే ఉండేది. కానీ బాబాయ్ సరిపోయిందన్నాక ఇంకెవరితో చెప్పుకుంటారు? గ్రైండింగ్ అతను తన నాలుకలోనే ఏదో తేడా ఉందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. డాక్టరు నాలుక చూసి, ఏమీ కనబడక, బలానికి మందు రాసిచ్చాడు.

ఒక్కరి ముఖం చూసి అందరికీ మాస్కు కొనడం కుదరదని మేడమ్ గట్టిగానే చెప్పింది. సరే, అందరికీ చెయ్యండి, కానీ ముందు బాబాయ్ అన్నారు. నూనె తుంపర లేని పెద్ద గది క్యాంటీన్ ఒక్కటే. కాబట్టి పరీక్ష అక్కడే పెట్టారు. పరీక్షకి ముందు ఎవరూ ఏమీ తినకూడదన్న నియమం ఉంది. పిన్ని వంట చేసి గిన్నెల మీద మూతలు పెట్టి, వడ్డించే కిటికీ దగ్గర మోచేతులు ఆనించి నిలబడింది. తన గదిలో తన వడ్డన ఆగిపోయి ఎవరో చేదు తినిపించడం ఆమెకి నచ్చలేదు.

ఎలా ఉంటుందో చూపించడానికి మేడమ్ మొదట పర్చేజ్ ఆయన్ని కూర్చోబెట్టి, మాస్కు లేకుండా తొడుగు దించింది. మందు చల్లే రబ్బరు బుడ్డిని ఒకటి, రెండు అని లెక్కపెడుతూ నొక్కింది. పదోసారికి ఆయన ముఖం ముడుచుకుపోయింది. చేదండీ, చేదు, అని రెండుసార్లు అన్నాడు. బాబాయ్ ఎదురు బెంచీ మీద కూర్చుని ఇదంతా శ్రద్ధగా చూశాడు.

తన వంతు వచ్చినప్పుడు బాబాయ్ కూడా పదోసారికే ముఖం ముడిచాడు. కొంచెం ఎక్కువగానే ముడిచాడు. కాసేపు గడిచాక నీలం మాస్కు పెట్టుకుని మళ్ళీ తొడుగులోకి వెళ్ళాడు. మేడమ్ చెప్పినట్టు గట్టిగా ఊపిరి పీల్చాడు, తల పక్కలకి తిప్పాడు, పైకి కిందికి ఆడించాడు. తర్వాత ఏదైనా పైకి చదవాలి. క్యాంటీన్‌లో చదవడానికి ఉన్నది ఆ బోర్డు ఒక్కటే. ఉప్పు, కారముల గురించి చెప్పుకోదలచినవారు తనతో చెప్పుకోవలెనని బాబాయ్ మాస్కులోంచి బిగ్గరగా చదివాడు.

"చేదు తగిలిందా?" అని మేడమ్ అడిగింది.

"చుక్క కూడా లేదు," అన్నాడు. అది నిజమే.

పర్చేజ్ ఆయన వెంటనే జేబులోంచి ఫోన్ తీశాడు. మధ్యాహ్నం దుకాణం మూసే వేళ కాకముందే ఆర్డరు చెప్పేయాలన్నది ఆయన తాపత్రయం. మేడమ్ ఆయన్ని ఆపి తర్వాతివాళ్ళని పిలిచింది. ఒక్కొక్కరూ తొడుగులోకి వెళ్ళడం, బోర్డు చదవడం, చేదు లేదనడం. వెళ్ళినవాళ్ళందరికీ నీలం సరిపోయింది. ఇంతమంది ముఖాలకి ఒకే మాస్కు సరిపోవడం మేడమ్ ఎప్పుడూ చూడలేదు.

డ్రిల్లింగ్ మిషన్ అతనికి గడ్డం ఉంది. గడ్డం ఉంటే మాస్కు చర్మానికి అంటుకోదని, పరీక్షే చేయనని మేడమ్ ముందే చెప్పింది. అతను చాలాసేపు బాధపడి, బయటికెళ్ళి గీయించుకుని వచ్చాడు. పిన్ని కిటికీలోంచి చూసి, పోల్చుకోలేక, బయటివాళ్ళకి భోజనం లేదని చెప్పింది. గడ్డం పోయాక అతనికి చుబుకం చాలా తక్కువని అందరికీ తెలిసింది. బోర్డు చదువుతుంటే నీలం మాస్కు కింది అంచు లేచి పడుతూ ఉంది. మేడమ్ ఆగి, వంగి చూసింది.

"చేదు తగల్లేదా?"

అతను బాబాయ్ వైపు చూశాడు. "లేదు మేడమ్."

"నిజంగా?"

"బాబాయ్‌కే తగల్లేదు కదండీ."

మేడమ్ కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

తర్వాత గ్రైండింగ్ అతను వెళ్ళాడు. 'వదిలేయరాదు' దగ్గరే దగ్గొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేదు లేదన్నాడు. తొడుగు తీశాక వచ్చి బాబాయ్ పక్కన బెంచీ మీద కూర్చుని, చేతి వెనకభాగంతో నాలుక తుడుచుకున్నాడు.

"నా నాలుక పూర్తిగా పాడైపోయింది బాబాయ్," అన్నాడు మెల్లగా. "నీకు చుక్క కూడా తగల్లేదు. నాకు గొంతు దాకా చేదే."

"మరి లేదని ఎందుకు చెప్పావురా?"

"నువ్వు లేదన్నాక నేను ఉందంటే ఏం బావుంటుంది? నీలందే ఇచ్చేయనీ. నాదెలాగూ తేడా నాలుక. కూర కూడా నాకొక్కడికే ఉప్పగా ఉంటుంది."

బాబాయ్ చూపు అతని ఒళ్ళో ఉన్న నీలం మాస్కు మీదికి పోయింది. ఇతను రేపటినుంచి ఆ మాస్కు పెట్టుకుని, పక్కల నుంచి దూరే నూనె తుంపర పీలుస్తూ, దగ్గుతూ, దగ్గు కూడా తన తప్పే అనుకుంటాడు. వాళ్ళ ముందు పర్చేజ్ ఆయన దుకాణం నంబరు నొక్కుతున్నాడు. కిటికీ దగ్గర పిన్ని ఇటే చూస్తోంది.

ఆమె వినకుండా మేడమ్‌తో మాట్లాడే చోటు ఒక్కటే ఉంది. పరీక్ష జరుగుతున్నప్పుడు ఎవరూ తొడుగు దగ్గరికి రారు. బాబాయ్ లేచి, తనకి ఇంకోసారి పరీక్ష చెయ్యమన్నాడు. ఎందుకని మేడమ్ అడిగితే, ఊరికే అన్నాడు. మాస్కు పెట్టుకుని, తొడుగులోకి దూరి, వంటగది వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

మేడమ్ బుడ్డి ఎత్తగానే ఆయన లోపలినుంచి ఏదో అన్నాడు. ఆమెకి వినబడలేదు. ఇంకోసారి అన్నాడు. మాస్కులోంచి, తొడుగులోంచి గొణుగుడే బయటికొచ్చింది.

"గట్టిగా చెప్పండి బాబాయ్ గారూ."

ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి చెవి చూపించింది. బాబాయ్ గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. తొడుగులో కూర్చున్న మనిషికి తన గొంతు బయటికి ఎంత పోతుందో తెలియదు.

"నాకు చేదు తెలియదమ్మా. ఉప్పూ తెలియదు. రెండేళ్ళయింది."

పర్చేజ్ ఆయన ఫోన్‌లోంచి దుకాణం మనిషి హలో, హలో అంటున్నాడు.

కిటికీ దగ్గరినుంచి పిన్ని అడిగింది. "ఏమండీ, నిన్న కూర బ్రహ్మాండంగా ఉందన్నారు?"

బాబాయ్ తొడుగు తీయలేదు. "నీ ముఖం చూసి చెప్పాను."

"నా ముఖంలో ఉప్పు కనబడిందా?"

బెంచీ మీది గ్రైండింగ్ అతను లేచి నిలబడి, అయితే తన నాలుక మంచిదేనా అని అందరినీ అడిగాడు. ఎవరూ చెప్పకపోయేసరికి మేడమ్‌ని అడిగాడు. మంచిదేనని, షెడ్డులో ఇంతవరకూ అక్కరకొచ్చింది అదొక్కటేనని మేడమ్ చెప్పింది. అతను డాక్టరు రాసిస్తే తాగిన బలం మందు గురించి ఏదో అనబోయి, దగ్గొచ్చి, కూర్చున్నాడు.

మేడమ్ అప్పటిదాకా రాసిన ఫలితాలన్నీ కొట్టేసింది. పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి జనం నోళ్ళు తెరిచారు. నీలం పెట్టుకుని తొడుగులోకి వెళ్ళినవాళ్ళు బోర్డు మొదటి ముక్క కూడా పూర్తి చేయకుండానే చేదు అని చెయ్యెత్తారు. నీలం నిజంగా సరిపోయింది ఇద్దరికే. మిగతావాళ్ళకి బూడిదరంగుది కూర్చుంది. గ్రైండింగ్ అతను గిన్నె మాస్కులో బోర్డంతా చదివి, మళ్ళీ మొదటినుంచి చదివి, ఏమీ లేదన్నాడు. ఈసారి ఎవరి వైపూ చూడలేదు. పర్చేజ్ ఆయన బూడిదరంగు వాటికి ఆర్డరు పెడుతూ, నీలం కూడా రెండు డబ్బాలు రాయించుకోగలిగాడు.

నాలుకతో పని లేకుండా మాస్కు లోపలి గాలినీ బయటి గాలినీ కొలిచి తేల్చే యంత్రం ఒకటి ఉందని, అద్దెకు తెప్పించి బాబాయ్‌కి దాంతో పరీక్ష చేస్తానని, అదయ్యేదాకా ఆయన్ని మిషన్ల దగ్గరికి రానివ్వనని మేడమ్ చెప్పింది. ముందు డాక్టరుకి చూపించుకోమంది. ఆ మాట బాబాయ్‌కి కాదు, పిన్నికి చెప్పింది.

భోజనానికి ఆలస్యమైపోయింది. పిన్ని మూత తీసి, గరిటెతో కాస్త కూర తన అరచేతిలోనే వేసుకుని నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మెల్లగా మింగి, చెంబెడు నీళ్ళు తెచ్చి గిన్నెలో పోసింది. కలిపి, మళ్ళీ చూసి, ఇంకో చెంబు పోసింది.

"రెండేళ్ళుగా దీన్నే తింటున్నారా?" అంది.

వదిలేయరాదని బోర్డు ఉంది కదా అని డ్రిల్లింగ్ అతను చెప్పాడు. గడ్డం లేకపోవడంతో అతను నవ్వుతున్నది దాగలేదు.

అందరికీ వడ్డించాక పిన్ని ఒక ప్లేటు తెచ్చి బాబాయ్ ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆయన తలొంచుకుని నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఎలా ఉంది?" అంది.

బాబాయ్ ఆమె ముఖం వైపు చూడబోయి ఆగాడు. "తెలియట్లేదు."

"వేడిగా ఉందా?"

"ఉంది."

"ముక్క ఉడికిందా?"

ఆయన నమిలి చూశాడు. తొందరపడకుండా, కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఒకటి ఉడికింది. ఒకటి ఉడకలేదు."

పిన్ని ఆయన ప్లేటులోంచి ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కి చూసింది.

"రేపటినుంచి అది చెప్పండి చాలు," అంది. "ఉప్పు సంగతి నేను చూసుకుంటాను."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళి, కిటికీలోంచి గ్రైండింగ్ అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఇంకాస్త వెయ్యనా అని అడిగింది. అతను ప్లేటు ఎత్తుకుని వెళ్ళాడు.