ఐదు ఓట్ల దుప్పటి

ప్రణాలి ఫొటోలు తీయడంలో కన్నా ఓట్లు వేయడంలోనే ముందు ఆరితేరింది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో ఆమెది గాజుల దుకాణం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఫోన్ తీసి, తాను సభ్యురాలిగా ఉన్న ఆన్‌లైన్ ఫొటో గ్యాలరీ తెరుస్తుంది. అక్కడ పెద్దలెవరూ తీర్పు చెప్పరు, సభ్యుల ఫొటోలకు సభ్యులే ఓట్లు వేస్తారు. ఒక్కో ఫొటో పేరు లేకుండా పది మంది ముందుకు వస్తుంది. ఆరుగురు ఔనంటే గ్యాలరీకి ఎక్కుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు గనుక ఎవరి ఫొటో వాళ్లకు రాదు.

ఇంతవరకు ధర్మంగానే ఉంది. చిక్కంతా మార్కుల దగ్గర వచ్చింది. నెగ్గిన వైపు ఓటేసిన వాళ్లకు ఒక మార్కు. వంద మార్కులు నిండితే పేరు పక్కన నక్షత్రం, జడ్జి హోదా. దాంతో జనం ఫొటోను చూడటం మానేసి మిగతా తొమ్మిది మంది ఏమంటారో ఊహించడం మొదలుపెట్టారు. నలుగురితో నారాయణ. ఆ కిటుకు ప్రణాలికి తొందరగానే పట్టుబడింది. పులి కనిపిస్తే ఔను, ముడతలు పడ్డ ముసలి ముఖానికి ఔను, మసకగా ఉన్నదేదైనా కాదు. ఇలా తొంభై తొమ్మిది మార్కులు పోగుచేసింది.

ఆమెకు కెమెరా పట్టడం నేర్పింది అన్న పోశన్న. బాబుపేట్‌లో ఇల్లు, మాజ్రి రైల్వే స్టేషన్‌లో ఉద్యోగం. రెండేళ్లుగా అతని ఫొటో ఒక్కటీ గ్యాలరీకి ఎక్కలేదు.

"ఇదే ఆఖరు చెల్లె. ఇది గూడ పోతె కెమెరా ఆదర్శ్‌కు ఇచ్చేస్త," అన్నాడొకరోజు. పెళ్లి ఫొటోలు తీసే ఆదర్శ్ ఆ కెమెరా మీద ఎప్పటినుంచో కన్నేశాడు.

"ఏ ఫొటో పెట్టినవ్ అన్నా?"

"చెప్తె నువ్వు ఏస్తవు. గది ఓటు గాదు, మొహమాటం."

అన్న మొన్ననే అడవికి పోయివచ్చాడు కాబట్టి పులే పెట్టి ఉంటాడని ఆమె అనుకుంది.

మర్నాడు ఓటుకు వచ్చిన వాటిలో ఒక దుప్పటి ఫొటో ఉంది. తీగ మీంచి తీసి మంచం మీద పరిచిన తెల్ల దుప్పటి, బొగ్గు దుమ్ముకు బూడిద రంగుకు తిరిగింది. క్లిప్పులు పెట్టిన చోట మాత్రం రెండు తెల్లని మచ్చలు మిగిలాయి. బొగ్గు గనుల ఊళ్లలో ఇలాంటి దుప్పటి లేని ఇల్లుండదు. ప్రణాలి చాలాసేపు చూసింది, ఆమెకది ఎంతో నచ్చింది. కానీ పుణె, నాసిక్‌ల వాళ్లు మురికి దుప్పటి అనుకుంటారు. ఒక్క మార్కు చాలు. కాదు అని నొక్కింది. కాదన్నవాళ్లు కారణం రాయాలి గనుక మరాఠీలో ఒక ముక్క రాసింది.

ఆదివారం ఫలితాలు వచ్చాయి, ఆమె పేరు పక్కన నక్షత్రం వెలిగింది. పాలకోవా పేడాల మిఠాయి డబ్బా పట్టుకుని అన్న ఇంటికి వెళ్లింది. అతను వరండాలో ఫోన్ చూస్తూ కూర్చున్నాడు.

"పోయింది చెల్లె. ఐదే వచ్చినయి," అన్నాడు నవ్వుతూ. "ఒకడు ఏం రాసిండో విను. బాగుంది, కానీ ఎవరికీ నచ్చదు అంట."

ఆమె వంగి చూసింది. తెర మీద దుప్పటి ఉంది. మిఠాయి డబ్బా మెల్లగా కింద పెట్టింది.

"గది నేనే రాసిన అన్నా."

పోశన్నకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది ఆమెకు.

"బాగుందన్నది నిజమేనా?"

"నిజమే. శానసేపు చూసిన."

"నీకు నచ్చింది గద. మరి ఎవలకీ నచ్చదని ఎట్ల రాసినవ్?"

 ప్రణాలికి తన మీద తనకే రోత పుట్టింది.

"కెమెరా ఇయ్యకు అన్నా," అంది చివరికి.

"మాటిచ్చిన. ఇంకాసేపట్ల వస్తడు."

అన్నట్టే ఆదర్శ్ వచ్చాడు. పోశన్న లెన్సు తుడిచి, పట్టీ చుట్టి, కెమెరాను రెండు చేతులా అందించాడు. ప్రణాలి గుమ్మంలో నిలబడి చూసింది. ఆగమని రెండోసారి అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.