నెహెమ్యా దాకా

క్లబ్బు లేకుండా ఈత పోటీలకు పోవడమంటే, పిలవని పెళ్ళికి ఒక్కదాన్నీ వెళ్ళి ముందు వరసలో కూర్చోవడమే. రాజమండ్రి పూల్ దగ్గర బ్యాగు దించానో లేదో, రంగురంగుల టోపీల ఆడవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "ఎవరి తాలూకండీ మీరు?" ఎవరి తాలూకా కాదండీ, ధవళేశ్వరం ప్రిస్కిల్లాని, కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని అంటే నమ్మరు. యాభై దాటిన మనిషి ఒంటరిగా వచ్చిందంటే ఏదో క్లబ్బు వాళ్ళు గెంటేసి ఉంటారని వాళ్ళ అనుమానం. నాకు వాళ్ళందరి మీదా అనుమానమే. చెల్లుకు చెల్లు.

నాకు కావలసింది ఒక్కటే. ఎనిమిది వందల మీటర్లలో మొదట వచ్చినవాళ్ళు మా వయసువాళ్ళ తరఫున రాష్ట్ర పోటీలకు వెళ్తారు. నాకెప్పుడూ రెండో స్థానమే. మొదటిది నీలం టోపీల క్లబ్బు మాణిక్యాంబది. ఈసారి కూడా రెండే అయితే ఇక పూల్ మొహం చూడనని మా ఆయన ఐజాక్‌తో చెప్పి మరీ బయల్దేరాను. ఆదివారం కదా, ఆయన చర్చి మానలేదు.

టోపీ సర్దుకుంటుంటే నీలం టోపీల క్లబ్బు సెక్రటరీ మధులత నవ్వుతూ వచ్చింది. ఊరక రారు మహానుభావులు!

"ప్రిస్కిల్లాగారూ, మీ రౌండ్లు ఎవరు లెక్కపెడతారండీ?"

ప్రతి క్లబ్బుకీ గట్టు మీద నిలబడి ఎన్నో రౌండో అరిచే మనిషి ఉంటారు. నాకెవరున్నారు?

"నేను నిలబడతానండి. గట్టు మీద ఎవరూ లేకపోతే ఎలాగ?"

వాళ్ళ మాణిక్యాంబ నా పక్క లేన్‌లోనే ఈదుతుంటే, ఈవిడ నాకు లెక్క చెబుతుందట! ఇరవై ఏళ్ళు ఆఫీసులో గుమాస్తాగా చేసినదాన్ని, ఊరికే నవ్వేవాళ్ళని నమ్ముతానా?

"అక్కర్లేదండి. సండే స్కూల్లో నేర్చుకున్న లెక్క ఉంది నాకు. పోయి వస్తే యాభై మీటర్లు, బైబిల్లో ఒక పుస్తకం. ఆదికాండంతో మొదలు, పదహారోది నెహెమ్యా. అక్కడితో ఆఖరు."

"మధ్యలోవి ఏంటండీ?"

"అవన్నీ చెబుతూ కూర్చోవడానికి ఇప్పుడు తీరిక లేదండి," అని మొహం తిప్పేసుకున్నాను.

కాసేపటికి చూద్దును కదా, మధులత వాళ్ళ క్లబ్బులోనే ఉన్న ఆశాజ్యోతిని మూలకి లాక్కుపోయింది. ఆశాజ్యోతిది నిడదవోలు, బాప్టిస్టు కుటుంబం. ఇద్దరూ గుసగుసలు. మధ్యమధ్య నా వైపు చూపులు. నా లెక్క తెలిసిపోయింది, ఇక చెడగొట్టడమే తరువాయి అనుకున్నాను.

విజిల్ పడింది. దూకాను. మొదటి రౌండు తిరిగి వచ్చేసరికి నా లేన్ చివర మధులత వంగి నిలబడి ఉంది.

"నిర్గమకాండం!" అని అరిచింది.

ఒళ్ళు మండిపోయింది. నా లెక్క నాకే అప్పజెప్పి వెక్కిరిస్తోందా! వద్దని నీళ్ళలోంచే చెయ్యి విదిలించాను. ఊరుకుంటేనా? లేవీయకాండం, సంఖ్యాకాండం. ద్వితీయోపదేశకాండం దగ్గర నోరు తిరక్క తడబడింది. అది పూర్తయ్యేసరికి నేను సగం దూరం పోయాను. అయినా మానలేదు మహాతల్లి.

మాణిక్యాంబ వెనకబడింది. నేను ముందున్నాను! రూతు అని అరిచేసరికి ఇక పట్టలేకపోయాను. ఈత అయ్యాక రిఫరీ దగ్గర ఈవిడ పరువు ఎలా తియ్యాలా అని మనసులోనే మాటలు పేర్చుకుంటూ ఈదాను. గోడ తాకి తిరిగి, రెండో సమూయేలు అనుకున్నాను.

"మొదటి సమూయేలు!" అంది మధులత.

దొరికింది దొంగ! జంట పుస్తకాల దగ్గర నన్ను పడగొట్టాలని చూస్తోంది. సమూయేలు రెండు, రాజులు రెండు, దినవృత్తాంతాలు రెండు. అక్కడ ఎవరైనా తడబడతారు. అక్కణ్ణించి ఆవిడ అన్నీ నాకంటే ఒక పుస్తకం వెనక చెబుతోంది, నేను విననట్టే ఈదుతున్నాను. నా లెక్కకి ఎజ్రా వచ్చింది, నెహెమ్యా వచ్చింది. ఆఖరి రౌండుకి గంట కొట్టాలి, కొట్టలేదు. గంట కొట్టేవాడు కూడా వాళ్ళ మనిషే కాబోలు! ఉన్న బలమంతా పెట్టి ఈది గోడ తాకాను. లేచి నిలబడి టోపీ పీకేశాను. గెలిచాను!

అప్పుడు మోగింది గంట.

మాణిక్యాంబ వచ్చి గోడ తాకి, తిరిగి వెళ్ళిపోయింది.

"అయిపోతే ఇంకా ఎక్కడికండీ ఆవిడ?" అని నవ్వాను.

మధులత గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడింది. గొంతు బొంగురుపోయింది, కళ్ళల్లో నీళ్ళు.

"నెహెమ్యా ఇప్పుడండీ! ఇంకోటుందండీ! మీ కాళ్ళు పట్టుకుంటాను, పొండి!"

రూతు. దాని తర్వాత? రిఫరీతో ఏం చెప్పాలో పేర్చుకుంటూ ఈదిన ఆ రౌండుకి అసలు పేరే పెట్టలేదు. ప్రభువా! అది రూతే. దాన్ని మొదటి సమూయేలుగా లెక్కేసుకున్నాను.

టోపీ అక్కడే పడేసి గోడని తన్నాను. జుట్టు కళ్ళకి అడ్డం పడుతోంది. గట్టు మీద మధులత నాతోపాటే పరుగెత్తుతోంది. "నెహెమ్యా! నెహెమ్యా!" "మధులతా, మన మాణిక్యాంబ పక్క లేన్‌లో ఉంది!" అని ఎవరో అరుస్తున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. నేను చచ్చేంత ఈదాను. మాణిక్యాంబ చెయ్యి గోడ మీద పడిన తర్వాతే నా చెయ్యి పడింది.

మళ్ళీ రెండే.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మధులత చెయ్యి చాపింది.

"మీరు ఒకటి ముందున్నారని నాకు అనుమానం వచ్చిందండి," అంది రొప్పుతూ. "పొరపాటు నాదేనేమోనని ఆశాజ్యోతిగారిని రెండుసార్లు అడిగాను. కొత్తగా నేర్చుకున్నవి కదండీ."

ఆ చెయ్యి పట్టుకుని పైకి వచ్చాను.